కృష్ణా పశ్చిమ డెల్టాలో ఏటి ఆవాసాల పునరుద్ధరణ, గట్ల మీద మొక్కల పెంపకం

కృష్ణా నదికి కుడివైపున తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల గుండా సముద్రం దాకా పారే నీటి దారుల్లో చేపలు, పక్షులు, నీటి మొక్కలు, పురుగు పుట్ర మళ్లీ బతికే పరిస్థితి కల్పించడాన్ని ఏటి ఆవాసాల పునరుద్ధరణ అంటారు. నది, సాగునీటి కాలువలు, వాగులు, మురుగుకాలువలు, ఉప్పుటేళ్లు అన్నీ ఇందులోకి వస్తాయి. ఏటి ఆవాసం అంటే పారే నీరు ఒక్కటే కాదు. అడుగున ఉన్న మట్టి, అంచున ఉన్న జమ్ము, గట్టు వాలు మీది గడ్డి, గట్టుకు అవతల వరద వచ్చినప్పుడు మునిగే పల్లం కూడా అందులో భాగాలే. వీటిలో ఏది పోయినా మిగిలినవి నిలబడవు.

డెల్టాలో కాలువ బాగు చేయడమంటే పూడిక తీయడం అన్న అర్థం చాలాకాలంగా స్థిరపడిపోయింది. పూడిక తీస్తే నీరు కదులుతుంది, పొలాల ముంపు తగ్గుతుంది. అది అవసరమైన పనే. కానీ గట్టు మీద గడ్డి పరకైనా మిగలకుండా నిలువుగా చెక్కిన కాలువలో చేప గుడ్డు పెట్టలేదు, కొంగకు నిలబడే చోటు దొరకదు, రెండు వానలకే గట్టు మట్టి మళ్లీ కాలువలోకి జారుతుంది. పూడికతీతకూ పునరుద్ధరణకూ ఉన్న ఈ తేడాను గుర్తించినప్పుడే ఇక్కడి నీళ్లు కోలుకుంటాయి.

నీటి దారులు

ఈ ప్రాంతపు నీటి పటాన్ని మార్చింది బెజవాడ ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడ్డాక ఆ చోటికి కాస్త ఎగువన ప్రకాశం బ్యారేజి కట్టి 1957లో ప్రారంభించారు. కుడివైపు సీతానగరం దగ్గర బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల ప్రాంతంలో చీలి పాయలుగా విడిపోతుంది. తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ మూడూ తెనాలి ఊళ్లోంచే పోతాయి. నది వెంబడి బ్యాంకు కాలువ కొల్లిపర, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వైపు వెళ్తుంది. 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువ నైరుతిగా సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఒకప్పుడు పడవలు నడిచిన దారి అది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఇదీ భాగమే. మొత్తం పశ్చిమ డెల్టా ఆయకట్టు సుమారు 5.71 లక్షల ఎకరాలు.

కాలువలు నీరు తెస్తాయి, మురుగుకాలువలు తీసుకుపోతాయి. నల్లమడ, తుంగభద్ర డ్రెయిన్, రేపల్లె మెయిన్ డ్రెయిన్, భట్టిప్రోలు డ్రెయిన్ వంటివి పొలాల్లో మిగిలిన నీటిని సముద్రం వైపు నడిపిస్తాయి. ప్రభుత్వ లెక్కల్లో ఇవన్నీ డ్రెయిన్లే. అయితే నల్లమడ మనుషులు తవ్వి పుట్టించినది కాదు. కొండవీడు, చిలకలూరిపేట వైపు మెట్ట నేలల్లో పుట్టే ఓగేరు, నక్కవాగు, కుప్పగంజి వాగుల నీళ్లు కలిసి కొమ్మమూరు కాలువను దాటి బాపట్ల ప్రాంతం గుండా సముద్రానికి పోయే పాత ఏరు అది. లోతు చేసి, గట్లు వేసి, వంకరలు తీసి డ్రెయిన్ అన్నారు. ఈ పుట్టుక తెలిస్తే దాన్ని బాగుచేసే తీరు కూడా మారుతుంది.

మూడు పట్టణాలూ ఒకే జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పటి నుంచి తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె, బాపట్ల కొత్త జిల్లాలో ఉన్నాయి. నీటికి ఈ గీత పట్టదు. తెనాలి దగ్గర కాలువలో పడ్డది రెండు రోజుల్లో రేపల్లె, బాపట్ల పొలాల్లో తేలుతుంది.

ఏం పోయింది

1901–60 మధ్య కృష్ణా ఏటా సగటున దాదాపు 2,000 టీఎంసీల నీటిని సముద్రానికి చేర్చేది. ఎగువన ఆనకట్టల మీద ఆనకట్టలు వచ్చాక 2000 దశకం మొదటి కరువు సంవత్సరాల్లో అది దాదాపు సున్నాకు పడిపోయింది. నీటితో పాటే ఒండ్రు కూడా జలాశయాల్లో ఆగిపోయింది. వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టా అంచు ఇప్పుడు చాలాచోట్ల వెనక్కి తగ్గుతోందని ఉపగ్రహ చిత్రాలు చూపిస్తున్నాయి. నదిలో మంచినీటి తోపు లేకపోవడంతో ఎండాకాలంలో ఉప్పునీరు పెనుమూడి, పులిగడ్డల వైపు ఎగబాకుతుంది. వరద మాత్రం తగ్గలేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి కొద్ది రోజులు మాత్రం కట్ట తెగేంతగా పొంగే నదిలో జీవులకు స్థిరమైన చోటు ఉండదు.

వలస చేపలకు దెబ్బ ఇంకా ముందే తగిలింది. సముద్రం నుంచి ఏటికి ఎదురీది మంచినీటిలో గుడ్లు పెట్టే పులస జాతికి అడ్డుకట్టలు దారి మూసేస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నదుల మీది ఆనకట్టలు చేపల సంతతిని దెబ్బతీస్తున్నాయని ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలో హెచ్చరించాడు. సాగునీటి లాభం ముందు ఆ హెచ్చరిక ఎవరికీ పెద్దగా వినిపించలేదు.

కాలువల్లో, డ్రెయిన్లలో కనిపించే నష్టం వేరు. వరి, మొక్కజొన్న పొలాల నుంచి దిగే నత్రజని, భాస్వరం నీటిలో చేరి గుర్రపుడెక్కను మేపుతాయి. దక్షిణ అమెరికా నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు అందం కోసం తెచ్చిన ఈ మొక్క ఇప్పుడు పశ్చిమ డెల్టాలో నిదానంగా పారే ప్రతి నీటిలోనూ ఉంది. అది నీటి మీద చాప పరిస్తే కిందికి వెలుతురు దిగదు, గాలి కలవదు. కుళ్లేటప్పుడు ఉన్న ప్రాణవాయువును కూడా వాడేస్తుంది. చేపల సంతలో కూడా ఈ సంగతి తెలుస్తుంది. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, గొరక నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి చెడ్డ నీటిలోనూ కొంతకాలం నిలుస్తాయి. పరిగెలు, బొచ్చె, శీలావతి పిల్లలు అంత ఓర్చుకోలేవు. ఒక డ్రెయిన్‌లో వల వేస్తే గాలి పీల్చే చేపలే పడుతున్నాయంటే ఆ నీటి ఆరోగ్యం గురించి ప్రయోగశాల చెప్పేది సగం అక్కడే తెలిసిపోతుంది.

గట్టు మీది మొక్క చేసే పని

గట్టున ఉన్న చెట్టు నీటికి ముందుగా ఇచ్చేది నీడ. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు. 35 డిగ్రీలకు అది 7కు పడిపోతుంది. డెల్టాలో మే నెల ఎండకు, లోతు తక్కువగా నిలిచిన డ్రెయిన్ నీటిలో ఈ తేడాయే చేపల చావుబతుకులను నిర్ణయిస్తుంది. నీడలో గుర్రపుడెక్క, నాచు కూడా అంత వేగంగా పెరగవు.

మట్టిని పట్టి ఉంచేది వేరు. గడ్డి వేళ్లు పైమట్టిని దుప్పటిలా కప్పితే, చెట్టు వేళ్లు లోపలి పొరలను కుట్టి ఉంచుతాయి. పొలం నుంచి గట్టు దాటి వచ్చే నీరు గడ్డి పట్టీలోంచి నడిస్తే బురదను అక్కడే వదిలేస్తుంది, మట్టికి అంటుకుని వచ్చే భాస్వరం కూడా దాంతోనే ఆగుతుంది. తడిగా ఉన్న గట్టు అడుగు మట్టిలో సూక్ష్మజీవులు నైట్రేటును గాలిలోకి పోయే నత్రజనిగా మారుస్తాయి. రాలిన ఆకు నీటి పురుగులకు మేత, ఆ పురుగులు చేపపిల్లలకు మేత. నీటిలోకి వంగిన కొమ్మ, మునిగిన వేరు చేపపిల్లలకు దాక్కునే చోటు. లకుముకిపిట్ట వాలేది కూడా ఆ కొమ్మ మీదే.

అయితే ఏ మొక్క పెట్టినా ఇవన్నీ జరగవు. డెల్టా గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ, లొట్టపీసు కూడా మట్టిని పట్టుకుంటాయి. కానీ సర్కారు తుమ్మ తన కింద మరో మొక్కను బతకనివ్వదు, లొట్టపీసును పశువు ముట్టదు, నీటి దారిలోకి పాకి ప్రవాహాన్ని అడ్డుతుంది. వీటిని ఒక్కసారిగా పెకలించి గట్టును బోడిగా వదిలేయడం పెద్ద పొరపాటు. కొంత మేర తీసి, అక్కడ స్థానిక జాతులు నిలదొక్కుకున్నాక మరికొంత తీయాలి.

ముందు నీరు, తరువాత మొక్క: మడ అడవుల అనుభవం

ఈ ప్రాంతంలో శాస్త్రీయంగా జరిగి ఫలితం చూపిన పునరుద్ధరణ మంచినీటి ఏళ్లలో కాదు, కృష్ణా మొగల దగ్గరి మడ అడవుల్లో జరిగింది. నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు పెరిగే ఈ అడవుల్లో కొంత భాగం 1989లో ఏర్పాటైన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. సుమారు 195 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యం నీటిపిల్లికీ నీటికుక్కకూ ఆశ్రయం.

వంటచెరుకు కోసం నరికేశారు కాబట్టే మడలు పోయాయని, మళ్లీ నాటితే చాలని మొదట్లో అనుకునేవారు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల సంఘాలు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో పని మొదలుపెట్టినప్పుడు అసలు కారణం వేరే అని తేలింది. చెట్లు పోయిన చోట నేల కుంగి పళ్లెంలా అవుతుంది. పోటు నీరు అందులో చేరి తిరిగి పోలేక ఎండకు ఆవిరై, మట్టిలో ఉప్పు మడ మొక్క కూడా తట్టుకోలేనంత పెరుగుతుంది. అక్కడ ఎన్నిసార్లు నాటినా చావడమే. అందుకని ముందు ఉప్పుటేటికి కలిసే పెద్ద కాలువ ఒకటి, దానికి చేప ముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పాటు పోట్లకు నీరు రోజూ వచ్చిపోవడంతో ఉప్పు కడుక్కుపోయింది. ఆ తరువాతే తెల్లమడ మొక్కలు నాటారు. నాటనివి కూడా నీటితో కొట్టుకొచ్చిన విత్తనాల నుంచి మొలిచాయి.

మంచినీటి ఏళ్లకు కూడా ఇదే క్రమం వర్తిస్తుంది. నీటి నడక సరిచేయకుండా వేసే మొక్క ఫొటోకు పనికొస్తుంది, ఏటికి కాదు. డెల్టాలో ఏటా వనమహోత్సవాల్లో గట్ల మీద నాటిన మొక్కలు చాలావరకు మరుసటి ఎండాకాలానికి కనబడకపోవడానికి మూలం నాటినవాళ్ల అశ్రద్ధ ఒక్కటే కాదు. ఎక్కడ నీరు ఎంతకాలం నిలుస్తుందో, ఎక్కడ ఉప్పు ఉందో చూడకుండా గుంతలు తీయడం అంతకంటే పెద్ద కారణం.

మురుగుకాలువలను ఏళ్లుగా చూడడం

పశ్చిమ డెల్టాలో పునరుద్ధరణకు అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్నది, అన్నిటికంటే తక్కువ శ్రద్ధ దక్కినది మురుగుకాలువలకే. 1960ల ముంపుల తరువాత ఏర్పాటైన మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల మీద సమగ్రంగా సిఫారసులు చేసింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. డ్రెయిన్లను వెడల్పు చేయడం, వంకరలు తీసి స్ట్రెయిట్ కట్‌లతో సముద్రానికి దగ్గరి దారి చూపడం అప్పటి ఆలోచన. నల్లమడ ముంపుకు ఏటా పంట పోగొట్టుకునే రైతులు ఈనాటికీ ఆధునీకరణ కోసం ఉద్యమిస్తున్నారు. వాళ్ల కోరిక న్యాయమైనది. నడుం లోతు నీటిలో నారు కుళ్లిపోయిన రైతుకు ముందుగా చేపలూ కొంగల గురించి చెప్పడం తగదు. ముంపు తగ్గించే పని, ఏరును బతికించే పని ఒకే నమూనాలో కుదురుతాయా అన్నదే అసలు ప్రశ్న. కుదురుతాయి.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కిస్సిమీ నదిని 1962–71 మధ్య ఇలాగే సరిచేశారు. 166 కిలోమీటర్ల మెలికల నది 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మారింది. వరద తగ్గింది, దాంతోపాటు చలికాలంలో వచ్చే నీటిబాతుల్లో నూటికి తొంభై వంతులకు పైగా రాకుండా పోయాయి, చేపలు క్షీణించాయి. 1999లో కాలువలో కొంత భాగాన్ని పూడ్చి పాత మెలికల్లోకి నీరు మళ్లించడం మొదలుపెట్టి 2021లో ముగించారు. తవ్విన ఖర్చు కంటే పూడ్చిన ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువైంది. నల్లమడను అలా పూడ్చడం కుదరదు, కుదరాల్సిన అవసరం లేదు. దాని చుట్టూ ఊళ్లున్నాయి. కానీ ఇంకా వంకరలు మిగిలిన పాయలను తిన్నగా కోయకుండా ఆపడం ఇవాళ చేయగలిగిన పని.

డెల్టాకు సరిగ్గా అతికే నమూనా అదే దేశంలో ఒహాయో చుట్టుపక్కల పంటపొలాల డ్రెయిన్లలో వాడుకలోకి వచ్చింది. దాన్ని రెండంచెల కాలువ అనవచ్చు. అడుగున సన్నగా, లోతుగా ఒక చిన్న కాలువ ఉంటుంది. మామూలు రోజుల్లో నీరంతా అందులోనే పారుతుంది కాబట్టి వేగం తగ్గదు, పూడిక పడదు. దానికి రెండు పక్కలా గట్టు లోపలే వెడల్పాటి మెట్లు వదిలి గడ్డి, తుంగ, జమ్ము పెరగనిస్తారు. వరద వచ్చినప్పుడు నీరు మెట్ల మీదికి పరచుకుంటుంది. కాలువ మొత్తం వెడల్పు పెరుగుతుంది కాబట్టి గడ్డి వల్ల కలిగే ఒరిపిడిని అది సరిదిద్దుతుంది. మొక్కలుంటే నీరు నెమ్మదిస్తుందన్న ఇంజనీర్ల అభ్యంతరం నిజమే. దానికి ఈ నమూనా జవాబు. ఇందుకు డ్రెయిన్‌కు రెండు పక్కలా కొంత నేల అదనంగా కావాలి. ఆ నేల చాలాచోట్ల పటంలో డ్రెయిన్‌దే, సాగులో మాత్రం పక్క పొలానిది. హద్దులు కొలిచి రాళ్లు పాతడం అందుకే మొదటి పని అవుతుంది.

పూడిక తీసే తీరు కూడా మారాలి. కొర్రమీను జమ్ము, నాచుల మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ఒకే ముద్దలా పైకి తేలుతూ తిరుగుతుంటే తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. రెండు గట్లూ ఒకేసారి ప్రొక్లెయినర్‌తో గీకేస్తే ఆ ఏడు సంతతికి చోటు లేదు. ఈ ఏడు ఒక గట్టు వైపు, మరుసటి ఏడు రెండో గట్టు వైపు తీయడం, ప్రతి రెండు మూడు ఫర్లాంగులకు ఒక లోతు మడుగు వదలడం అదనపు ఖర్చు లేకుండా చేయగలిగినవి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక చేపలు ప్రాణాలు దక్కించుకునేది ఆ మడుగుల్లోనే. తీసిన మట్టిని గట్టు అంచున కుప్పపోయకుండా వెనక్కి వేయాలి. లేకపోతే తొలకరికే అది తిరిగి కాలువ చేరుతుంది.

గుర్రపుడెక్కను యంత్రంతో తీసి గట్టు మీదే కుళ్లబెడితే దానిలోని పోషకాలు మళ్లీ నీటికే పోతాయి. దూరంగా తీసుకెళ్లి ఎరువు చేయాలి. కలుపుమందు చల్లడం అన్నిటికంటే హానికరం. చచ్చిన మొక్క అంతా ఒకేసారి నీటిలో కుళ్లుతుంది, ఆ నీరే దిగువ ఊళ్ల పశువులు తాగుతాయి. ఈ మొక్కనే తినే నియోకెటినా ముక్కుపురుగులను 1980ల్లో మన దేశానికి తెచ్చి బెంగళూరు ప్రాంతపు చెరువుల్లో వదిలారు. నిలకడ నీటిలో అవి బాగా పనిచేస్తాయి. ఏటా తవ్వే, ఎండే కాలువల్లో వాటి సంతతి నిలవడం కష్టం. పోషకాలు దిగడం తగ్గనంతవరకు ఏ పద్ధతైనా తాత్కాలికమే.

కరకట్ట, లంకలు

రేపల్లె వైపు నది అనగానే ముందు గుర్తొచ్చేది కరకట్ట. 2009 వరదలో ఓలేరు దగ్గర కట్ట తెగి ఊళ్లు మునిగాయి. 2024లో ఊళ్లవాళ్లు రాత్రింబగళ్లు ఇసుక బస్తాలు వేసి కట్టను కాపాడుకున్నారు. ఇంత జ్ఞాపకం ఉన్న చోట కట్ట మీద మొక్కల మాట జాగ్రత్తగా మాట్లాడాలి. మట్టి కట్ట శరీరంలో పెద్ద చెట్టు ఉండకూడదు. గాలివానకు చెట్టు కూలితే వేళ్లతో పాటు కట్ట ముక్క లేస్తుంది. ఎండిన వేరు కుళ్లితే ఆ బొరియలోంచి వరద నీరు ఊరుతుంది. పొదలుంటే ఎలుకలు, పందికొక్కులు చేసిన కన్నాలు తనిఖీకి కనబడవు. కట్ట వాలుకు తగినది వట్టివేరు, గరిక వంటి గడ్డి. వట్టివేరు వేళ్లు మూడు మీటర్ల వరకు నిలువుగా దిగుతాయి, పక్కలకు పాకవు. చెట్ల చోటు కట్టకూ నదికీ మధ్య ఉన్న మేటనేల. అక్కడ వరుసలుగా పెరిగిన చెట్లు వరద వేగాన్ని కట్టను తాకకముందే విరుస్తాయి.

లంకల సంగతి వేరు. కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు, కంద పండే ఒండ్రు నేల నది ఇచ్చిందే. దాని ఒడ్డును కాపాడేది రెల్లు. వరదకు పడుకుని, వరద తగ్గాక లేచే ఈ గడ్డికి సాటి వచ్చే ఒడ్డు కాపరి మరొకటి లేదు. దాన్ని దున్ని నీటి అంచు దాకా సాగు చేసినప్పుడు, ఇటుకల కోసం మట్టి, కట్టడాల కోసం ఇసుక ఒడ్డుకు దగ్గరగా తీసినప్పుడు లంక కోతకు గురవుతుంది. నది అడుగు లోతైతే ఒడ్డు పాదం జారుతుంది. అప్పుడు పైన ఎన్ని మొక్కలు నాటినా మట్టితో సహా నీటిలో కలుస్తాయి. ఇక్కడ పునరుద్ధరణలో మొదటి అడుగు తవ్వకం ఒడ్డుకు దూరంగా జరగడం. రెండోది, నీటి అంచున కొన్ని గజాల రెల్లు పట్టీని దున్నకుండా వదలడం.

తెనాలి కాలువలు

ఊరి మధ్య మూడు కాలువలు పారే అదృష్టం చాలా పట్టణాలకు లేదు. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరును తెనాలికి ఈ కాలువలతోనే ముడిపెడతారు. ఇవి సాగునీటి కాలువలు కాబట్టి ఏటి మెలికలు తెచ్చిపెట్టలేం. చాలాచోట్ల కాంక్రీటు లైనింగ్ కూడా పడింది. లైనింగ్ నీటి నష్టాన్ని తగ్గిస్తుంది, కానీ అంచు మొక్కను, అడుగు మట్టిలోని జీవాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. పట్టణంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇళ్ల మురుగు కాలువలో పడకుండా చూడడం. ఆ తరువాతే గట్టు మీద కానుగ, నేరేడు, నిద్రగన్నేరు నీడ. ఊరి పొలిమేర దాటాక లైనింగ్ లేని మేరల్లో ఒక వైపు గట్టు కిందిభాగం గడ్డితో వదిలేస్తే చాలు, నీటి కోళ్లు వాటంతటవే వస్తాయి. దగ్గర్లోనే పెదకాకాని మండలం ఉప్పలపాడు దీనికి నిదర్శనం. ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేల సంఖ్యలో గూళ్లు పెడతాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. వేటాడనివ్వని ఊరు, నీరున్న చెరువు, గూటికి కాస్త చోటు ఉంటే పక్షులకు అంతకు మించి అక్కర్లేదు.

బాపట్ల ఇసుకల్లో దొరువులు

బాపట్ల తీరపు ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. వాననీరు ఇసుకలో ఇంకి ఏర్పడే ఈ పొరను తోడుకోవడానికి రైతులు తరతరాలుగా దొరువులనే లోతు తక్కువ గుంతలు తవ్వుకున్నారు. లోతుగా బోరు వేసి గట్టిగా తోడితే కింది ఉప్పునీరు పైకి పొంగుతుంది. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం దొరువును మెరుగుపరిచి, ఇసుక పొరలో అడ్డంగా గొట్టాలు పరిచి నీటిని నెమ్మదిగా ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించింది. ఏటి ఆవాసాలతో దీనికి నేరుగా సంబంధం ఉంది. తీరపు వాగుల్లో ఎండాకాలం ఊరే మంచినీరు ఈ ఇసుక పొరదే. ఒడ్డున ఇసుక దిబ్బలు చదును చేసి రొయ్యల చెరువులు తవ్వినప్పుడు, ఆ చెరువుల ఉప్పునీరు డ్రెయిన్‌లోకి వదిలినప్పుడు దొరువూ వాగూ రెండూ ఉప్పెక్కుతాయి. తీరపు రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు, 2005 నాటి తీర ఆక్వా సాధికార సంస్థ చట్టం ఈ సాగును నియంత్రణలోకి తేవడానికి వచ్చినవే. ఇసుక వాగుల ఒడ్డున మొగలి, తాటి, ఈత పాతకాలం నుంచీ ఉన్నవి, వాటినే పెంచాలి. సరుగుడు గాలి అడ్డుకు మంచిదే కానీ దాని రాలిన ఆకుపొర కింద వేరే మొక్క లేవదు. అది వాగు ఒడ్డుకు తగిన చెట్టు కాదు.

మొక్కల ఎంపిక, కాలం

నీటి అంచున జమ్ము, తుంగ. వాలు మీద వట్టివేరు, దర్భ, రెల్లు. వాలు పైన వావిలి. గట్టు వెనక ఏరుమద్ది, నేరేడు, కానుగ, మేడి. ఏరుమద్ది పేరుకు తగ్గట్టే ఏటి ఒడ్డు చెట్టు. వరదలో కొన్ని రోజులు మునిగినా చావదు. ఉప్పు తగిలే చోట ఏరుమద్దికి బదులు కానుగ మేలు. ఒకే జాతిని మైళ్ల పొడవునా నాటడం కంటే కలిపి, గుంపులుగా, మధ్యలో ఖాళీలు వదిలి నాటడం మంచిది. ఎండ తగిలే నీరు కూడా కొన్ని జీవులకు కావాలి.

కాలువ గట్లకు జూలై, ఆగస్టు అనువైన నెలలు. నది మేటనేలల్లో అప్పుడు నాటితే వరద తీసుకుపోతుంది. అక్కడ అక్టోబరు తరువాత ఈశాన్య రుతుపవనాల తడిలో నాటాలి. మొదటి రెండు వేసవులూ నీరు పోయకపోతే డెల్టాలో కూడా మొక్క బతకదు. గేదెలను తరమడం పరిష్కారం కాదు. ఊరికొక రేవును రాళ్లతో కట్టి వదిలితే పశువులు అక్కడే దిగుతాయి, మిగతా గట్టు తొక్కిడి నుంచి బయటపడుతుంది.

ఎవరి పని

కాలువ, డ్రెయిన్ జల వనరుల శాఖవి. గట్టు చెట్టు నరకాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అడ్డొస్తుంది. మడ అడవి అటవీ శాఖది. పట్టణ మురుగు మున్సిపాలిటీది. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు సాగునీటి పంపిణీ చూస్తాయి కానీ మురుగుకాలువల గట్లను తమవిగా భావించవు. ఒక్క శాఖ చేతిలో మొత్తం ఏరు లేకపోవడమే ఇన్నాళ్ల వైఫల్యానికి మూలం. ఓగేరు, కుప్పగంజి పుట్టే మెట్ట నుంచి సముద్రం దాకా నల్లమడ పరీవాహకాన్ని ఒకే ప్రణాళిక కిందికి తేవడం దీనికి సరైన విరుగుడు. ఎగువ వాగుల్లో నీరు ఇంకే ఏర్పాట్లు చేస్తే బాపట్ల దగ్గర వరద ఎత్తు కూడా తగ్గుతుంది. నది మీద ప్రకాశం బ్యారేజికి దిగువన చోడవరం, బండికోళ్ల లంక దగ్గర కొత్త బ్యారేజీల ప్రతిపాదనలు ఉన్నాయి. అవి ఉప్పునీటిని ఆపగలవు, అదే సమయంలో ఉప్పుటేళ్లకు, మడ అడవులకు చేరే మంచినీటిని, ఒండ్రును ఇంకా తగ్గించగలవు. చేపల దారి, ఏడాది పొడవునా వదలాల్సిన కనీస నీరు వాటి నమూనాలోనే ఉండాలి. కట్టాక చేర్చలేం.

కొలత

నాటిన మొక్కల లెక్క పునరుద్ధరణకు కొలమానం కాదు. మూడో ఏట బతికి ఉన్నవెన్ని, గట్టు కోత ఎంత తగ్గింది, నీటిలో ఏమి బతుకుతోంది అన్నవే కొలతలు. ప్రాణవాయువును మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున కొలవాలి. నాచు, గుర్రపుడెక్క ఉన్న నీటిలో పగలు ప్రాణవాయువు బాగానే కనిపిస్తుంది, రాత్రంతా మొక్కలు కూడా దాన్నే పీల్చుకోవడంతో వేకువకు అడుగంటుతుంది. చేపలు తేలి చచ్చేది ఆ వేళే. ఉప్పు శాతాన్ని ఏప్రిల్, మే నెలల్లో డ్రెయిన్ మొగ నుంచి పైకి మైలుకొక చోట చూడాలి. నీటి పురుగుల లెక్కకు ఒక జల్లెడ, తెల్లటి పళ్లెం చాలు. తూనీగ పిల్లలు, నత్తల రకాలు, చిన్న రొయ్యలు పడితే నీరు కోలుకుంటున్నట్టు. ఎర్రటి దోమపురుగులు, గొట్టంతో గాలి పీల్చే పురుగులు మాత్రమే పడితే ఇంకా లేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఇక్కడే ఉంది. డిగ్రీ విద్యార్థులు ఏటా రెండుసార్లు నల్లమడ, తుంగభద్ర డ్రెయిన్ల మీద నిర్ణీత చోట్ల ఈ లెక్క తీస్తే పదేళ్లలో పశ్చిమ డెల్టా నీళ్ల గురించి ఇప్పటిదాకా లేని వరుస సమాచారం చేతికి వస్తుంది.